వెలుతురు చూసుకున్నాకే కెమెరా

సంపాదకులు గారికి నమస్కారం.

లఘుచిత్రాలు తీయాలనుకునే కుర్రవాళ్ల కోసం మీ ఆదివారం అనుబంధంలో వేసిన వ్యాసం చదివాం. అందులో మొదటి సలహాయే మంచి 4కె కెమెరా, అంటే చాలా ఎక్కువ పిక్సెళ్లతో వీడియో తీసే కెమెరా, కొనుక్కోమని. ఆ సలహాతోనే మా పేచీ. చెన్నైలో చదువుకుంటూనో, ఉద్యోగం చేసుకుంటూనో సెలవుల్లో సినిమా తీసే తెలుగు పిల్లలు చాలామంది ఉన్నారు. కూడబెట్టిన ముప్పై నలభై వేలూ కెమెరా బాడీ (లెన్సు లేని కెమెరా) మీద పోసేసి, ఆఖరికి గదిలో ఉన్న ట్యూబ్‌లైటు కిందే షూట్ చేస్తున్నారు. అలా తీసిన బొమ్మ ఏ కెమెరాలోనైనా ఒకేలా వస్తుంది. నుదురు తెల్లగా మెరుస్తుంది, కళ్లు గుంటల్లోకి పోతాయి, మొహం కంటే వెనక గోడే వెలుగ్గా ఉంటుంది.

మా లెక్క వేరు. ఉన్న డబ్బులో మూడో వంతు మించి కెమెరా బాడీకి పెట్టకూడదు. చేతిలో ఓ మోస్తరు ఫోను ఉంటే మొదటి రెండు సినిమాలకు ఆ మూడో వంతు కూడా దండగే. మిగిలినదంతా ఒక మంచి లైటు, దానికి స్టాండు, తెల్ల గుడ్డ, మైకు, ఆ తర్వాత లెన్సు.

ఫోనుతో తీసేవాళ్లు ముందు అందులో మామూలుగా ఉండే కెమెరా యాప్‌ను పక్కన పెట్టాలి. పాత్ర కిటికీ దగ్గరికి నడవగానే అది ఎక్స్‌పోజర్ (బొమ్మ ఎంత వెలుగ్గా పడాలన్నది) మార్చేస్తుంది, రంగూ మార్చేస్తుంది. పైగా చాలా ఫోన్లు సెకనుకు ఇన్ని ఫ్రేములని స్థిరంగా తీయవు. వెలుతురు తగ్గితే ఫ్రేములూ తగ్గుతాయి. విడిగా రికార్డు చేసిన మాటలు ఎడిటింగ్‌లో పెదాలతో కలవకుండా జారిపోవడానికి కారణం ఇదే. బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్ ఉచితం. 2023లో ఐఫోన్లకు, 2024లో కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లకు వచ్చింది. అది పనిచేయని ఆండ్రాయిడ్ ఫోన్లకు ఓపెన్ కెమెరా అనే యాప్ ఉంది. ఫ్రేమ్ రేటు (సెకనుకు ఫ్రేములు) 25, షట్టర్ (ఒక్కో ఫ్రేము మీద వెలుతురు పడే సమయం, సెకన్లలో) 1/50 పెట్టి, ఐఎస్ఓ (వెలుతురును పెంచి చూపే స్థాయి), వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా కనబడేలా చేసే రంగు సర్దుబాటు) రెండూ లాక్ చేయాలి. వైడ్, టెలీ లెన్సుల వెనక ఉండే సెన్సర్లు (బొమ్మను పట్టే చిప్పులు) సాధారణంగా చిన్నవి కాబట్టి మెయిన్ లెన్సు ఒక్కటే వాడాలి.

25, 1/50 అనే అంకెలు ఊరికే చెప్పినవి కావు. మన కరెంటు 50 హెర్ట్జ్. దాని మీద వెలిగే దీపం సెకనుకు 100 సార్లు ఎక్కి దిగుతుంది. షట్టర్ 1/50 అయితే ప్రతి ఫ్రేములోనూ సరిగ్గా రెండు ఎక్కుదిగుళ్లు పడతాయి, బొమ్మ నిలకడగా ఉంటుంది. ఫోన్లలో మామూలుగా ఉండే 30 ఫ్రేములు, 1/60 దగ్గర ఆ లెక్క కుదరదు. అప్పుడు గోడ మీద నల్లటి పట్టీలు మెల్లగా పైకో కిందికో పాకుతాయి. సినిమా కళ రావాలని 24 ఫ్రేములే కావాలనుకున్నా పర్లేదు, షట్టర్ మాత్రం 1/50 దగ్గరే ఉంచండి.

సెకండ్‌హ్యాండ్ కెమెరా కొనేటప్పుడు అందరూ షట్టర్ కౌంట్, అంటే అది ఇప్పటికి ఎన్ని ఫోటోలు తీసిందన్న లెక్క, అడుగుతారు. వీడియోకి అది అంత ముఖ్యం కాదు. వేరే సంగతులు చూడాలి. లెన్సుకి మూత పెట్టి ఐఎస్ఓ 3200లో ఒక నిమిషం తీసి, స్క్రీన్ మీద పెద్దది చేసి చూడండి. ఎర్ర, నీలి చుక్కలు కదలకుండా నిలిచి ఉంటే సెన్సర్‌లో హాట్ పిక్సెల్స్, అంటే పాడైన చుక్కలు, ఉన్నట్టే. ఏసీ లేని చోట ఆగకుండా ఇరవై నిమిషాలు రికార్డు చేయండి. ఏప్రిల్, మే నెలల చెన్నై వేడికి 4కెలో చాలా చిన్న కెమెరాలు మధ్యలో ఆగిపోతాయి. మైకు సాకెట్టులో పిన్ను పెట్టి కొంచెం కదిపితే గరగర వినిపిస్తే ఆ బేరం వదిలేయండి. మాన్యువల్ ఎక్స్‌పోజర్, మైకు ఇన్‌పుట్, లెన్సు మార్చుకునే వీలు, ఈ మూడూ ఉంటే కానన్ 700డి లాంటి పాత డీఎస్‌ఎల్‌ఆర్ కూడా మొదటి సినిమాకు చాలు. కాకపోతే ఆ తరం డీఎస్‌ఎల్‌ఆర్‌లలో సన్న గళ్ల చొక్కాల మీద, జరీ అంచుల మీద రంగురంగుల అలలు కదులుతాయి. దాన్నే మొయిరే అంటారు. ఎడిటింగ్‌లో అది సరిగ్గా పోదు, బట్టలే మార్చుకోవాలి.

లెన్సు విషయానికొస్తే, అందరూ ముందు కొనేది 50 మి.మీ. ఎఫ్ 1.8. ఎఫ్ అంకె అపర్చర్‌ది, అంటే లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రానిది; అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది. ఈ లెన్సు చవక, బొమ్మ బాగుంటుంది. కానీ ఏపీఎస్-సీ సెన్సర్ (700డి లాంటి కెమెరాల్లో ఉండే సైజు) మీద అది పది అడుగుల దూరం నుంచి నాలుగున్నర అడుగుల వెడల్పే చూపిస్తుంది. మన అద్దె ఇళ్లలో గది పది బై పన్నెండు ఉంటే గొప్ప. ఇద్దరు కూర్చుని మాట్లాడే షాటు అందులో పట్టదు. అదే దూరంలో 24 మి.మీ. తొమ్మిది అడుగులు చూపిస్తుంది. గదిని గోడకి ఎదురుగా కాకుండా మూల నుంచి మూలకి తీస్తే పదిహేనున్నర అడుగుల దూరం దొరుకుతుంది. అందుకే చిన్న ఇంట్లో ట్రైపాడ్‌కి మూలే సరైన చోటు. ఎఫ్ 1.8 ఉంది కదా అని పూర్తిగా తెరిచి తీయడం ఇంకో పొరపాటు. 50 మి.మీ. లెన్సుతో ఐదు అడుగుల దూరంలో స్పష్టంగా ఉండే మందం రెండున్నర అంగుళాలే. నటుడు మాట మధ్యలో ముందుకు వంగాడంటే కళ్లు మసకబారిపోతాయి. ఎఫ్ 4 దగ్గర ఆ మందం ఐదున్నర అంగుళాలవుతుంది. ఎఫ్ 4లో తీయాలంటే వెలుతురు కావాలి. తిరిగి తిరిగి లైటు దగ్గరికే వస్తాం.

లైటు ఒక్కటే కొనగలిగితే సీఆర్‌ఐ (రంగులను ఎంత నిజంగా చూపిస్తుందో నూటికి చెప్పే అంకె) 95 పైన ఉన్న 60 వాట్ల ఎల్‌ఈడీ, బోవెన్స్ మౌంటు (లైటు ముందు సామాను తగిలించే పట్టు) ఉన్నది తీసుకోండి. గోడాక్స్ ఎస్‌ఎల్ 60 తరహాది. ఇంట్లో వాడే ఎల్‌ఈడీ బల్బుల సీఆర్‌ఐ మామూలుగా 80 దగ్గర ఉంటుంది. వాటి వెలుతురులో ఎరుపు తక్కువ. మన చామనఛాయ మొహానికి జీవం ఇచ్చేది ఆ ఎరుపే. అది లేకపోతే మొహం బూడిద పూసినట్టు ఉంటుంది. వెలుతురులోనే లేని రంగుని కలర్ కరెక్షన్‌లో ఎవరూ తేలేరు. బల్బు మంచిదా కాదా అని కొనేముందే చూడొచ్చు. చెన్నైలో ఎలక్ట్రానిక్ సామాను అమ్మే రిచ్చీ స్ట్రీట్‌లో బల్బు వెలిగించి చూపించమనండి, ఫోను స్లో మోషన్‌లో పెట్టి పది సెకన్లు తీయండి. బొమ్మ టకటకా కొట్టుకుంటే, పట్టీలు కనబడితే అది సినిమాకు పనికిరాదు. వెలుతురు తగ్గించి మరోసారి చూడాలి, ఎందుకంటే కొన్ని లైట్లు పూర్తి వెలుతురులో నిలకడగా ఉండి, తగ్గించగానే కొట్టుకుంటాయి.

లైటుని నేరుగా మొహం మీద కొట్టొద్దు. మూడడుగుల చదరపు చెక్క ఫ్రేముకి ట్రేసింగ్ పేపరో, ఒంటిపొర తెల్ల కాటన్ గుడ్డో బిగించి మధ్యలో పెట్టాలి. గుడ్డ కావాలంటే చెన్నైలోనే బట్టల దుకాణాల గోడౌన్ స్ట్రీట్ ఉంది. నీలిమందు పెట్టి ఉతికిన పంచె వద్దు, వెలుతురు నీలంగా వస్తుంది. ఫ్రేము నటుడికి ఎంత దగ్గరైతే నీడల అంచులు అంత మెత్తగా ఉంటాయి. కెమెరా పక్క నుంచి నలభై ఐదు డిగ్రీలు జరిపి, కంటి మట్టానికి కాస్త పైన ఉంచండి. నటుడి కంట్లో పైభాగాన చిన్న తెల్లచుక్క కనబడితే ఎత్తు సరిపోయినట్టు. అది కనబడకపోతే మరీ పైకెత్తారన్నమాట. రెండో వైపు లైటు అక్కర్లేదు. స్టేషనరీ షాపులో దొరికే థర్మోకోల్ షీటుకి ఒకవైపు నల్ల చార్టు అంటించండి. తెల్లవైపు చూపిస్తే నీడ తేలికవుతుంది, నల్లవైపు చూపిస్తే ముదురుతుంది. పండక్కి వేసిన పచ్చ రంగు, గులాబీ రంగు గోడల సంగతి గుర్తుపెట్టుకోండి. వాటి మీద పడి తిరిగొచ్చిన వెలుతురు ఆ రంగునే మొహానికి పూస్తుంది.

దూరం సంగతి అన్నిటికంటే విలువైనది, దానికి పైసా ఖర్చు లేదు. లైటు దూరం రెట్టింపైతే వెలుతురు నాలుగో వంతుకి పడిపోతుంది. నటుడిని గోడకి ఆనించి నిలబెట్టకుండా ఏడడుగులు ముందుకి తెచ్చి, లైటు అతనికి మూడడుగుల్లో పెట్టండి. గోడకి, లైటుకి మధ్య పది అడుగులుంటుంది. గోడ మీద పడేది మొహం మీద పడే దాంట్లో పదకొండో వంతే. గోడ దానంతటదే చీకట్లోకి వెళ్తుంది, మొహం ముందుకొస్తుంది. లైటు, నటుడు, గోడ ఎక్కడెక్కడ ఉండాలో కాగితం మీద గీసుకుని గదిలోకి వెళ్తే అరగంట మిగులుతుంది.

ఇంట్లోని ట్యూబ్‌లైటు ఆపేయాలి. వెలుతురు రంగును కొలిచే కెల్విన్లలో అది 6500, పక్కగదిలో పసుపు బల్బు 2700, మీ లైటు 5600. మూడూ కలిస్తే మొహంలో ఒక చెంప నీలం, ఒక చెంప పసుపు. ఇంకొకటి, లైటుని సీలింగ్ మీద కొట్టి వెలుతురు కిందికి రప్పించేటప్పుడు ఫ్యాన్ తిరుగుతుంటే రెక్కల నీడ గదంతా కొట్టుకుంటుంది. కంటికి అలవాటై తెలియదు, ఎడిటింగ్‌లో బయటపడుతుంది. షాటు ఉన్నంతసేపు ఫ్యాన్ ఆపండి, మాట కూడా శుభ్రంగా వస్తుంది.

చవక అని హాలోజన్ వాడేవాళ్లకు ఒక హెచ్చరిక. రంగు అద్భుతంగా ఉంటుంది, మేమూ ఒప్పుకుంటాం. కానీ 1000 వాట్ల హాలోజన్ నాలుగు ఆంపియర్ల పైన లాగుతుంది. ఇంట్లో మామూలు ప్లగ్ పాయింటు 6 ఆంపియర్లది, అందులో ఒక్కటే పెట్టాలి. రెండోది గీజరు పాయింటులో, అంటే 16 ఆంపియర్ల దాంట్లో పెట్టండి. ఎక్స్‌టెన్షన్ వైరు చుట్టగా ఉంచి వాడితే లోపల వేడెక్కి తొడుగు కరుగుతుంది, అంచేత పూర్తిగా విప్పాలి. ట్రేసింగ్ పేపరు, థర్మోకోల్ దానికి మూడడుగుల లోపలికి రానివ్వొద్దు.

ఎండలో తీసేవాళ్లకు చెన్నై కష్టమైన ఊరే. 13 డిగ్రీల అక్షాంశం మీద ఉన్నాం. ఏప్రిల్ చివరి వారంలో, మళ్లీ ఆగస్టు మూడో వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తిమీద ఉంటాడు. కళ్ల కింద నల్లటి గుంటలే మిగులుతాయి. పొద్దున తొమ్మిది లోపల, సాయంత్రం నాలుగు తర్వాత పెట్టుకోండి. మధ్యాహ్నం తప్పదంటే నటుడిని వరండా అంచు లోపలికి తెచ్చి, బయట నేల మీద తెల్ల దుప్పటి పరిస్తే వెలుతురు కింద నుంచి మెత్తగా వస్తుంది. ఎండలో షట్టర్ 1/50, ఐఎస్ఓ 100 పెడితే అపర్చర్ ఎఫ్ 22 దాకా మూయాల్సి వస్తుంది. ఎఫ్ 2.8 కావాలంటే లెన్సు ముందు పెట్టే నల్లద్దం, ఆరు స్టాపుల (వెలుతురును ఆరుసార్లు సగం చేసే) ఎన్‌డీ ఫిల్టరు, అంటే ఎన్‌డీ 64 ఉండాలి. అది కొనకుండా షట్టర్ పెంచేసుకుంటే నడక, చేతులూ టకటకమన్నట్టు కనబడతాయి.

సముద్రపు ఊళ్లో లెన్సుకి పెద్ద శత్రువు తేమ. పాత లెన్సు కొనేటప్పుడు వెనక నుంచి ఫోను టార్చి వేసి ముందు నుంచి చూడండి. సాలెగూడు దారాల్లాంటివి కనబడితే అది ఫంగస్, ఎంత చవకైనా వద్దు. ఇంట్లో గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ వేసి ఉంచండి. ఏసీ గదిలోంచి బయటికి తెచ్చేటప్పుడు కెమెరాను కవరులో మూసి అరగంట ఆగండి. లేకపోతే అద్దం మీద, ఒక్కోసారి లోపల కూడా నీరు పడుతుంది.

రెండు రోజుల షూటింగుకి ఏదీ కొనక్కర్లేదు. వడపళని, సాలిగ్రామం వైపు అద్దెకిచ్చే దుకాణాలున్నాయి. లైటు అక్కడే వెలిగించి, దాని లోపలి ఫ్యాన్ మోత విని, స్టాండు మరలు బిగించి చూసుకుని, గీతలుంటే ఫోటో తీసుకుని బయల్దేరండి.

ఇక మీ పత్రిక ద్వారా ఒక విన్నపం. లఘుచిత్రాల పోటీలు పెట్టే సంఘాలు, కళాశాలలు 4కె తప్పనిసరి అని నిబంధన రాస్తున్నాయి. థియేటర్లలో వాడే 2కె ప్రొజెక్షన్ 2048 బై 1080 పిక్సెళ్లది. 1080పి వీడియో 1920 బై 1080. తేడా అంతే. ఆ నిబంధన కోసం పిల్లలు అప్పుచేసి కెమెరా కొంటున్నారు. దయచేసి దాన్ని తీసేయమని నిర్వాహకులను కోరుతున్నాం. మీ అనుబంధంలో ఇకమీదట లఘుచిత్రం గురించి వేసేటప్పుడు, కెమెరా పేరుతోపాటు ఒక్క షాటుకైనా లైటు ఎక్కడ పెట్టారో చిన్న బొమ్మ గీయించి వేయండి.

ఇట్లు,
ఛాయాగ్రహణ శాఖలో పనిచేసే కొందరు తెలుగు పాఠకులు,
సాలిగ్రామం, చెన్నై