కొత్త టపాలు సరే, పాతవి ఎవరు చూపిస్తారు?

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం అనుబంధంలో, సొంతంగా బ్లాగులూ చిన్న చిన్న వెబ్‌సైట్లూ పెట్టుకుని రాసుకునేవాళ్లని వెతికి చూపించే కొత్త యాప్ గురించి అర పేజీ వేశారు. అది చదివే ఫోన్‌లో వేసుకున్నాను, అప్పట్నుంచీ వాడుతున్నాను. మీ వ్యాసం నిండా మెచ్చుకోళ్లే ఉన్నాయి కాబట్టి తెలుగు చదివేవాళ్ల వైపు నుంచి కూడా నాలుగు మాటలు ఎవరో ఒకరు చెప్పాలి కదా అని ఈ ఉత్తరం. యాప్ పేరు మళ్లీ రాయను. ఇది ఆ ఒక్కదాని గొడవే కాదు, ఇలాంటివి ఈమధ్య వరసగా వస్తున్నాయి, నేను చూసినవాటిలో చాలావాటికి ఇదే జబ్బు.

ముందు బాగున్నవి చెప్పేస్తాను. ప్రకటనలు లేవు, లాగిన్ అడగదు, లైకుల లెక్కలూ ఫాలోవర్ల గోలా లేదు. టపా (బ్లాగులో పెట్టిన ఒక్కో రాత) మీద నొక్కితే సగం ముక్క యాప్ లోపలే చూపించి ఊరుకోదు, రాసినవాళ్ల సొంత పేజీకే తీసుకెళ్లి దింపుతుంది. అక్కడ పక్కనే వాళ్ల పాత రాతల జాబితా, వాళ్లు చదివే ఇతర బ్లాగుల లింకులు కనబడతాయి, ఒకదాని నుంచి ఇంకోదానికి పోవచ్చు. ఈ ఒక్క పనికే సగం మార్కులు వేసేయొచ్చు. ఇంగ్లిష్ చదివేవాళ్లకైతే పండగే, పాత రేడియోలు బాగుచేసుకుంటూ రాసేవాళ్ల దగ్గర్నుంచి పెరట్లో పిట్టల గురించి రాసేవాళ్ల దాకా ఎవరెవరో తగులుతారు.

చిక్కంతా తెలుగు దగ్గరే. భాష తెలుగు అని పెట్టి చూడండి, అవే రెండు మూడు పేర్లు తిప్పి తిప్పి వస్తాయి. అందులో ఒకటి రోజూ రాశిఫలాలు పెడుతుంది, ఇంకోటి ఎక్కడెక్కడి సినిమా వార్తలో ఎత్తుకొచ్చి అతికిస్తుంది. ఇది చూసిన కాలేజీ కుర్రాడు ఏమనుకుంటాడు? తెలుగులో సొంతంగా రాసేవాళ్లే లేరనుకుంటాడు. ఉన్నారు మహాప్రభో, బోలెడుమంది రాశారు, కాకపోతే వాళ్లలో ఎక్కువమంది రాసింది ఈ వారం కాదు.

అసలు తప్పు ఎక్కడుందో కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే దీన్ని సరిచేయడం పెద్ద కష్టమేమీ కాదు. ఇలాంటి యాప్‌లు బ్లాగు మొత్తాన్ని చదవవు, దాని ఫీడ్‌ని చదువుతాయి. ఆర్ఎస్ఎస్ అంటారే, అదన్నమాట, ఇలాంటి యాప్‌లు చదువుకోవడానికి వీలుగా బ్లాగు తనంతట తానే ఇచ్చే కొత్త టపాల జాబితా. గూగుల్ వాళ్ల ఉచిత బ్లాగు సేవ బ్లాగర్‌లో (అడ్రసులో బ్లాగ్‌స్పాట్ అని ఉండేది ఇదే) పెట్టిన బ్లాగు ఫీడ్ మామూలుగా చివరి 25 టపాలే ఇస్తుంది. బ్లాగులు పెట్టుకునే ఇంకో చోటు వర్డ్‌ప్రెస్‌లో మనం మార్చుకోకపోతే 10. ఒకావిడ ఆరేళ్లపాటు రాసి 400 టపాల దగ్గర ఆపేసిందనుకోండి, అందులో 375 ఈ యాప్ కంటికే ఆనవు. పోనీ ఆ మిగిలిన 25 అయినా చూపిస్తుందా అంటే అదీ లేదు, మొదటి పేజీలోకి రావాలంటే టపా తేదీ వారం లోపుదై ఉండాలట. రోజుకి వేల టపాలు వచ్చిపడే ఇంగ్లిష్‌కి ఆ లెక్క సరిపోతుందేమో. మనకి మాత్రం ఉన్న పంటంతా గాదెలో పెట్టుకుని చేలో ఏముందా అని వెతికినట్టు ఉంది.

తెలుగు బ్లాగులు జోరుగా నడిచింది 2006 నుంచి ఓ ఆరేడేళ్లు. కంప్యూటర్లో తెలుగు రాయడమే గగనమైన రోజుల్లో వీవెన్ గారి లేఖిని వచ్చి ఇంగ్లిష్ కీబోర్డు మీదే తెలుగు రాసే దారి చూపించింది, ఆయనే పెట్టిన కూడలిలో అందరి కొత్త టపాలూ ఒకచోట కనబడేవి. జల్లెడ, హారం, మాలిక అని ఇంకా ఉండేవి. అమెరికాలో ఉద్యోగాలు చేసుకునేవాళ్లు, పల్లెటూళ్లలో పెరిగిన ముచ్చట్లు రాసే గృహిణులు, బడిపంతుళ్లు, బ్యాంకు గుమాస్తాలు, ఒకరనేమిటి, పత్రికకి పంపే ధైర్యం చేయని మనుషులు ఎంతోమంది రాశారు, కింద వ్యాఖ్యల్లో అర్ధరాత్రి దాకా పోట్లాడుకున్నారు. తర్వాత జనం ఫేస్‌బుక్‌కి తరలిపోయారు. ఫీడ్‌లన్నీ ఒకచోట చదువుకునే గూగుల్ రీడర్‌ని 2013 జులై 1న మూసేశారు, ఫీడ్‌లు చదివే అలవాటు దాంతోనే సగం పోయింది. కొందరు బ్లాగు వ్యాఖ్యల్ని ఫేస్‌బుక్‌లాంటిదే అయిన గూగుల్ ప్లస్‌కి కలుపుకున్నారు, 2019లో ప్లస్ ఎత్తేసినప్పుడు అక్కడ రాసిన వ్యాఖ్యలన్నీ దాంతోపాటే పోయాయి. ఆ పోట్లాటల్లో కొన్ని అసలు టపాల కన్నా బాగుండేవి, అది వేరే బాధ.

అయినా టపాలు చాలావరకు బతికే ఉన్నాయి. బ్లాగ్‌స్పాట్ ఉచితం కాబట్టి ఎవరూ అద్దె కట్టక్కర్లేదు, సొంత డొమైన్ (వెబ్ అడ్రసు) కొనుక్కున్నవాళ్లవే ఏడాది రుసుము కట్టడం మానేయగానే మాయమయ్యాయి. ఉన్నవాటిని చూపించడానికి అడ్డేమీ లేదు. బ్లాగర్ ఫీడ్ అడ్రసు చివర ఎన్నో టపా నుంచి కావాలో, ఎన్ని కావాలో చేర్చి అడిగితే పాతవన్నీ వరసగా ఇస్తుంది. ఆ పని చేసి, తేదీ పక్కన పెట్టి, "2009లో రాసింది" అని చూపిస్తే ఎవరు కాదంటారు? నాకైతే ఈ వారం రాశిఫలం కన్నా అదే కావాలి.

కూడలి కూడా కొత్తవే చూపించేది కదా అని ఎవరైనా అనొచ్చు. నిజమే. అప్పుడు రోజూ చదవడానికి సరిపడా వచ్చేవి, ఇప్పుడు రావడం లేదు. పాతవి పైకి తేవడంలో ఒక ఇబ్బంది ఉంది, ఒప్పుకుంటాను. పదిహేనేళ్ల కిందటి ఆవేశపు రాతలు ఇప్పుడు బయటికి రావడం కొందరికి ఇష్టం ఉండకపోవచ్చు, అలాంటివాళ్లు తమ బ్లాగు తీసేయమంటే మారుమాట లేకుండా తీసేసే బటన్ ఒకటి కచ్చితంగా ఉండాలి.

చిన్న చిన్నవి ఇంకొన్ని. చదవడానికి పట్టే సమయం అని ప్రతి టపా కింద వేస్తున్నారు, అది ఇంగ్లిష్ మాటల లెక్కతో వేసింది. మనం మూడు మాటలు కలిపి ఒకటిగా రాసేస్తాం కదా, పావుగంట పట్టే కథకి నాలుగు నిమిషాలని చూపిస్తుంది. శీర్షికల్లో కింది ఒత్తులు సగానికి తెగిపోతున్నాయి, లైన్ల మధ్య కాస్త చోటు వదిలితే చాలు. వెతుకులాట సంగతి చెప్పక్కర్లేదు, "పుస్తకం" అని కొడితే "పుస్తకాల" అని ఉన్న టపా రాదు.

ఇవన్నీ యాప్ వాళ్లకి కూడా రాశాను. మర్యాదగానే జవాబిచ్చారు, తెలుగు బ్లాగుల జాబితా మీరే పంపితే చేరుస్తాం అన్నారు. జాబితా ఎవరైనా పంపొచ్చు, నేనూ పంపుతాను, కానీ వారం దాటితే పక్కన పెట్టేసే పద్ధతి మార్చకుండా వెయ్యి బ్లాగులు చేర్చినా మొదటి పేజీలో కనబడేది మళ్లీ ఆ రాశిఫలాలే. ఈమాట అనే వెబ్ పత్రిక 1998 నుంచి వస్తోంది, పుస్తకాల గురించి రాసే పుస్తకం.నెట్ 2009 నుంచి ఉంది, వాటిలో పాత వ్యాసాలు రచయిత పేరు పట్టుకుని వెతుక్కోవచ్చు. మనుషులు కూర్చుని అమర్చి పెట్టారు కాబట్టి అలా ఉన్నాయి. యాప్ చేసేవాళ్లు ముందు అవి చూస్తే బాగుండేది.

మీతో కూడా ఒక మాట. ఒకప్పుడు మన పత్రికల ఆదివారం సంచికల్లో బ్లాగుల పరిచయాలు వచ్చేవి, అడ్రసుతో సహా. అది చూసి కొత్తగా చదవడం మొదలుపెట్టినవాళ్లు నాకు తెలిసే ఉన్నారు. మళ్లీ మొదలుపెట్టండి, వారానికి ఒక్కటి చాలు, కొత్తదే కానక్కర్లేదు, రాయడం ఆపేసినవాళ్లదైనా ఫర్వాలేదు. రాసినవాళ్లకి ముందు ఒక మాట చెప్పి వేయండి. అచ్చులో అడ్రసు పూర్తిగా ఇవ్వండి, మీ వెబ్‌సైట్లో అయితే దాన్ని నొక్కితే తెరుచుకునేలా పెట్టండి. పోయిన వారం వ్యాసంలో మూడు బ్లాగుల పేర్లు ఉన్నాయి, ఒక్కదానికీ లింకు లేదు.

ఇట్లు,
ఒక పాత బ్లాగుల పాఠకుడు,
హనుమకొండ