నల్లపొగ ఆగింది సరే, కాలని గ్యాస్ సంగతేంటి?

సంపాదకులకు,

డీజిల్ జనరేటర్లకు గ్యాస్ కిట్ బిగిస్తే కాలుష్యం పీడ విరగడైపోతుందని మొన్న మీ జిల్లా పేజీలో చదివాను. అది సగమే నిజం. చిత్తూరులో పదిహేనేళ్ళుగా జనరేటర్లు బాగుచేస్తున్నవాణ్ణి కాబట్టి మిగతా సగం రాస్తున్నా.

కిట్ బిగించినా ఆ ఇంజన్‌కి స్పార్క్ ప్లగ్ ఉండదు. గాలితో పాటే గ్యాస్‌నీ పీల్చుకుంటుంది, పిస్టన్ నొక్కాక కాస్త డీజిల్ చల్లితే ఆ వేడికి అది అంటుకుని గ్యాస్‌ని అంటిస్తుంది, పొయ్యికి అగ్గిపుల్ల గీసినట్టే అనుకోండి. ఫుల్ లోడ్ మీద, అంటే జనరేటర్ ఇవ్వగలిగినంత కరెంటూ వాడుతున్నప్పుడు, వంక పెట్టాల్సిన పనిలేదు. మసి బాగా తగ్గుతుంది, ఈ గ్యాస్‌లో ఎక్కువ భాగం మీథేన్, డీజిల్ కంటే దాంట్లో కార్బన్ పాలు తక్కువ కాబట్టి కార్బన్ డయాక్సైడూ తగ్గుతుంది.

తిప్పలన్నీ లోడ్ తగ్గినప్పుడే. జూన్, జూలైల్లో తోతాపురి లారీలు మామిడి గుజ్జు ఫ్యాక్టరీ గేటు బయట బారులు తీరినప్పటి లోడ్ వేరు, సీజన్ అయ్యాక నాలుగు లైట్లు, ఆఫీసు ఫ్యాన్లు తిప్పేటప్పటి లోడ్ వేరు. అలా లోడ్ తగ్గినప్పుడు ఇంజన్ సిలిండర్‌లో గ్యాస్ మరీ పలచబడి మంట అంచుల దాకా పాకదు, సగం కాలింది కార్బన్ మోనాక్సైడ్ అవుతుంది, అసలు కాలని మీథేన్ ఉన్నదున్నట్టు సైలెన్సర్‌లోంచి బయటికి పోతుంది. పోయినేడు ఒకచోట ఓనరు సైలెన్సర్ మూతికి ఎదురుగా తెల్ల జేబురుమాలు పట్టి "చూడన్నా, మచ్చ లేదు" అని మురిసిపోతుంటే, పక్కన నిలబడ్డ నాకు కళ్ళు మండి నీళ్ళు కారుతున్నాయి. మీటర్ చూస్తే పావు లోడ్ కూడా లేదు. గ్యాస్ వాల్వ్ కట్టేసి ఉత్త డీజిల్ మీద నడిపిస్తే ఆ మంట తగ్గింది. పోయే గ్యాస్‌కి కూడా మీరే బిల్లు కడుతున్నారంటే అప్పుడు విన్నాడు!

మీథేన్ బరువుకు బరువు, నూరేళ్ళ లెక్కన చూసినా, కార్బన్ డయాక్సైడ్ కంటే 25 రెట్లకు పైగా భూమిని వేడెక్కిస్తుంది, ఇరవై ఏళ్ళ లెక్కన 80 రెట్లు దాటుతుంది. పొగ గొట్టంలో క్యాటలిస్ట్ (పొగలోని చెడ్డ వాయువుల్ని మార్చేసే పరికరం) పెట్టాం కదా అంటారు. అది కార్బన్ మోనాక్సైడ్‌ని పట్టుకుంటుంది గానీ మీథేన్ మొండిఘటం, పొగ వేడి 400 డిగ్రీలు దాటితే తప్ప సరిగ్గా లొంగదు, పావు లోడ్‌లో అంత వేడి ఎక్కడిది?

ఢిల్లీ చుట్టుపక్కల 70 శాతం గ్యాస్, 30 శాతం డీజిల్‌తో నడపాలన్న మాట పట్టుకుని మనవాళ్ళు ఏ లోడ్‌కైనా అంతే తోస్తున్నారు. లోడ్ పడిపోగానే గ్యాస్ తనంతట తానే ఆగేలా కిట్‌లో ఏర్పాటుండాలి. తనిఖీకి వచ్చేవాళ్ళు పొగ నలుపు ఒక్కటే చూసి వెళ్ళిపోకుండా తక్కువ లోడ్‌లో మీథేన్ కొలవాలి. కొనేవాళ్ళూ అడగండి, కిట్ అమ్మేవాళ్ళు చూపించే కాగితం ఫుల్ లోడ్‌దా, పావు లోడ్‌దా అని.

ఇట్లు,
ఒక జనరేటర్ మెకానిక్, చిత్తూరు