కనిపెట్టుకొని ఉండడం

విశాఖపట్నం,
మే 27.

ప్రియమైన ప్రసాద్,

నీ ఉత్తరం అంది పన్నెండు రోజులైంది. వెంటనే ఫోను చేద్దామని రెండుసార్లు నీ నంబరు దాకా వెళ్లి ఆగిపోయాను. ఫోనులో అయితే నువ్వు "బాగానే ఉన్నానురా" అంటావు, నేను "సరే, వేళకు తిను" అంటాను, అక్కడితో అయిపోతుంది. నువ్వు నాలుగు పేజీలు చేత్తో రాశావు. నేనూ చేత్తోనే రాయాలనిపించింది. ఇది మూడో కాగితం, మొదటి రెండూ చింపేశాను.

చెల్లెమ్మ పోయి ఎనిమిది నెలలు. "పద్నాలుగు నెలలు ప్రార్థించాం, ఉపవాసాలున్నాం, సంఘమంతా మోకాళ్ల మీదే ఉంది. ఆ ప్రార్థనలన్నీ ఎక్కడికి పోయాయి? ఇప్పుడు మోకరిస్తే ఒక్క మాట రావడం లేదు. నాకు విశ్వాసం ఉందో పోయిందో నువ్వే చెప్పు" అని రాశావు. ఆ ప్రార్థనలు ఎక్కడికి పోయాయో నాకు తెలియదురా. తెలిసినట్టు నీకు రాయలేను.

"దేవుడికి మంచివాళ్లంటే ఇష్టం, అందుకే తొందరగా పిలుచుకుంటాడు" అని మీ ఊళ్లో ఎవరో అన్నారని రాశావు కదా, అమ్మ జ్ఞాపకార్థ కూడికలో నాతోనూ అన్నారు. అన్నవాళ్ల మనసు మంచిదే. కానీ ఆ మాట దేవుణ్ణి దొంగను చేస్తుంది. నేను దాన్ని ఒప్పుకోను, నువ్వూ ఒప్పుకోనక్కర్లేదు. యోబు స్నేహితులు వచ్చి ఏడు పగళ్లు ఏడు రాత్రులు అతనితో పాటు నేల మీద కూర్చున్నారు, ఒక్క మాటా మాట్లాడలేదు. అంతవరకు వాళ్లు మంచి స్నేహితులే. నోరు తెరిచాకే పాడుచేశారు. నేను నీ పక్కన అలా కూర్చోవలసినవాణ్ణి. నువ్వు విజయవాడలో ఉన్నావు, కాగితం మీద మౌనంగా కూర్చోవడం నాకు చేతకావడం లేదు. కాబట్టి నాకు జరిగింది చెప్తాను. నీకు కొంత తెలుసు, మొత్తం తెలియదు. మా ఆవిడకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

అమ్మకు పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయాక రెండున్నరేళ్లు మంచం మీదే ఉంది. మొదటి ఏడాది నా ప్రార్థన ఒకటే, అమ్మ లేచి నడవాలి. పొద్దున్నే ఆ కుడిచెయ్యి పైకెత్తి, వదిలి, నిలుస్తుందేమోనని చూసేవాణ్ణి. పడిపోయేది. మర్నాడు మళ్లీ. రెండో ఏడాదికి ప్రార్థన చిన్నదైంది, మాట తిరిగి వస్తే చాలు. చివరికి, ఈ రాత్రి అమ్మకు నిద్ర పడితే చాలు అన్న దగ్గరికి వచ్చింది. విశ్వాసం తగ్గడం వల్ల అలా అయిందని అప్పట్లో కుమిలిపోయాను. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. పెద్ద ప్రార్థన చేసిన రోజులకన్నా ఆ చిన్న ప్రార్థన చేసిన రోజుల్లోనే అమ్మకు దగ్గరగా ఉన్నాను.

ఆఖరున న్యుమోనియా వచ్చి పందొమ్మిది రోజులు ఆస్పత్రిలో ఉంచాం. వార్డు బయట వరండా అంతా చాపలు, స్టీలు క్యారేజీలు, రోగుల తాలూకు మనుషులు. రాత్రిళ్లు నా వంతు. మొదటి రాత్రి నర్సమ్మ వచ్చి సెలైన్ బుడ్డి మార్చి, వేగం సరిచేసి, "ఇది రెండు గంటలకు అయిపోతుంది, అయిపోయే ముందు పిలవండి. అమ్మను కనిపెట్టుకొని ఉండండి" అని వెళ్లిపోయింది. బుడ్డి కింద గొట్టంలో చుక్క ముందు ఉబ్బుతుంది, ఒక్క క్షణం వేలాడుతుంది, తర్వాత జారుతుంది. నేను దాన్నీ, అమ్మ ఎడమచేతినీ చూస్తూ కూర్చున్నాను. ఆ చెయ్యి దుప్పటి అంచును పట్టుకుని, మడత మీద మడత, కుచ్చిళ్లు పెడుతోంది. అరవై ఏళ్లు చీర కట్టిన చెయ్యి. మనసు ఎక్కడున్నా దాని పని అది చేసుకుపోతోంది. కుచ్చిళ్లు అయిపోగానే వదిలేసి మళ్లీ మొదలుపెట్టేది.

దిండు కింద అమ్మ బైబిలు ఉంది. వరండా ట్యూబులైటు కిందికి తెచ్చి తెరిస్తే, నీలం పెన్సిలుతో గీత గీసి ఉన్న 130వ కీర్తన వచ్చింది. "కావలివారు ఉదయముకొరకు కనిపెట్టుటకంటె ఎక్కువగా నా ప్రాణము ప్రభువుకొరకు కనిపెట్టుచున్నది." ఎన్నిసార్లు చదివామురా దీన్ని! సండే స్కూల్లో కంఠతా పట్టాం. కానీ గంట కిందట నర్సమ్మ నోట విన్న మాటే అక్కడ ఉందని ఆ రాత్రే చూశాను.

ఎదురుచూడటం వేరు, కనిపెట్టుకొని ఉండటం వేరు. ఎదురుచూసేవాడి చూపు వీధి గుమ్మం మీద ఉంటుంది. రావలసింది ఇంకా రాలేదు, వాడికి ఇల్లు కనిపించదు. కనిపెట్టుకొని ఉండేవాడి చూపు మంచం మీద ఉంటుంది. పసిపిల్లను కనిపెట్టుకొని ఉండమంటాం, పొయ్యి మీది పాలను కనిపెట్టుకొని ఉండమంటాం. రెండున్నరేళ్లుగా నేను దేవుడికోసం వీధి గుమ్మం వైపు చూస్తున్నాను, స్వస్థత అనే బండిలో వస్తాడని. అలా చూస్తున్నంతసేపూ ఆయన రాలేదనే లెక్క. ఆ పందొమ్మిది రాత్రుల్లో మాత్రం, ఆ చుక్క దగ్గర, ఆ కుచ్చిళ్ల దగ్గర, ఆయన ఇంకా రావాల్సి ఉందని నాకు అనిపించలేదు. దీన్ని ఇంతకన్నా స్పష్టంగా చెప్పలేను.

మాట వచ్చింది కాబట్టి ఇంకొక సంగతి. బైబిలు తెలుగు కావడంలో మన ఊరికి పెద్ద వాటా ఉంది, తెలుసా? లండన్ మిషనరీ సొసైటీ పంపగా 1805లో జార్జ్ క్రాన్, ఆగస్టస్ డెస్‌గ్రాంజెస్ అనే ఇద్దరు విశాఖపట్నంలో దిగి, తెలుగు నేర్చుకుని, సువార్తలను అనువదించడం మొదలుపెట్టారు. ఆనందరాయర్ అనే బ్రాహ్మణ క్రైస్తవుడు వాళ్లకు తోడుగా పనిచేశాడు. క్రాన్ 1809లో పోయాడు. డెస్‌గ్రాంజెస్ 1810లో పోయాడు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు శ్రీరాంపూర్‌లో అచ్చయింది 1812లో. ఇద్దరిలో ఒక్కరూ ఆ అచ్చు కాగితాన్ని చేత్తో పట్టుకోలేదు. మనం చదివే ఈ కీర్తన వాళ్ల తర్వాత ఎందరి చేతులమీదుగానో వచ్చింది, నిజమే. అయినా ఒక పరాయి భాషలో ఒక్కొక్క మాటనూ వెతుక్కుంటూ, దాని ఫలితం చూడకుండానే వెళ్లిపోయిన ఆ ఇద్దరూ నాకు తరచుగా గుర్తొస్తారు. వాళ్ల ప్రార్థనలకు జవాబు వచ్చిందనాలా, రాలేదనాలా?

ఇప్పుడు ఎవరికీ చెప్పనిది చెప్తాను.

పందొమ్మిదో రాత్రి మూడు గంటలకు నేను మెలకువగానే ఉన్నాను. గడియారం చూసిన గుర్తుంది. మంచం ఇనుప కమ్మీకి తల ఆనించాను, ఒక్క నిమిషం అనుకుని. కళ్లు తెరిచేసరికి నాలుగూ ఇరవై. అమ్మ చెయ్యి దుప్పటి మీద ఉంది. మూడు కుచ్చిళ్లు పెట్టింది, నాలుగోది వేళ్ల మధ్య సగంలో ఆగిపోయింది.

రెండున్నరేళ్లు కనిపెట్టుకొని ఉండి, ఆ ఒక్క గంటా నిద్రపోయాను, ప్రసాద్. సమాధి కార్యక్రమంలో "తల్లికి ఎంత సేవ చేశాడో" అని అందరూ అంటుంటే నేల చీలితే బాగుండుననిపించింది. ఆ తర్వాత నెలల తరబడి నాకూ నీకులాగే అయింది. ఆరాధనలో అందరూ పాడుతుంటే పెదాలు కదిపేవాణ్ణి, గొంతు కలిపేవాణ్ణి కాదు. మన సంఘాల్లో సాక్ష్యం చెప్పమంటే ఎవరు లేస్తారో నీకు తెలుసు. కణితి కరిగినవాళ్లు, ఉద్యోగం వచ్చినవాళ్లు, వీసా వచ్చినవాళ్లు. వాళ్ల సంతోషం నిజమైనదే, నేనూ చప్పట్లు కొట్టాను. కానీ ఇంకా ఏమీ జరగనివాడు లేచి "నేనింకా ఇక్కడే ఉన్నాను" అని చెబితే అదీ సాక్ష్యమే. దానికి మనం చోటు ఇవ్వడం లేదు. ఇది పొరపాటని పాస్టరుగారితో కూడా అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, అవునన్నారు.

ఏడు నెలలు గడిచాక మా అమ్మాయి కాకినాడ హాస్టలుకు బయలుదేరింది. మా ఇంట్లో ఎవరు ప్రయాణమైనా గుమ్మం దగ్గర నిలబెట్టి 121వ కీర్తన చదవడం అమ్మ పని. ఆ రోజు పెట్టె గుమ్మంలో ఉంది, ఆటో బయట ఉంది, అందరూ నావైపు చూశారు. అమ్మ బైబిలు తీసి చదవడం మొదలుపెట్టాను. "ఆయన నీ పాదము తొట్రిల్లనియ్యడు, నిన్ను కాపాడువాడు కునుకడు" అన్న దగ్గర గొంతు ఆగిపోయింది. కునుకడు. నేను కునికాను కదా. ఆ గంటా ఇరవై నిమిషాలు అమ్మ పక్కన ఎవరూ లేరనే కదా ఏడు నెలలుగా నన్ను నేను తినేస్తున్నాను. నా తర్వాతి వంతు ఆయనది. కాదు, మొదటినుంచీ ఆయనదే, నేను కాసేపు పక్కన కూర్చున్నాను. మిగతా కీర్తన అమ్మాయే చదివింది.

ఇప్పుడు నాకు విశ్వాసం ఉందా అని అడిగితే నేను చూపించగలిగింది ఇదొక్కటే. ఆ గంటలో అమ్మ ఒంటరిగా లేదని నమ్ముతున్నాను. ఇంతకన్నా పెద్దది నా దగ్గర లేదు. ఇది కూడా కొన్ని రాత్రులు జారిపోతుంది, పొద్దున్నే మళ్లీ పట్టుకుంటాను.

మా పక్కింటి పిన్నిగారు నీకు గుర్తున్నారా, నువ్వు వచ్చినప్పుడు పెసరట్లు పంపినావిడ? ఆమె పెద్దకొడుకు ఇంట్లోంచి వెళ్లిపోయి తొమ్మిదేళ్లైంది, ఒక్క కబురూ లేదు. ఏటా ఆషాఢ పౌర్ణమికి సింహాచలం కొండ చుట్టూ గిరి ప్రదక్షిణ చేస్తారు, 32 కిలోమీటర్లు, చెప్పులు లేకుండా. పోయినేడాది వచ్చి కాళ్లు వేడినీళ్లలో పెట్టుకుని కూర్చుంటే, ఇన్నేళ్లు ఎలా నడుస్తున్నారమ్మా అని అడిగాను. "మా అప్పన్న ఏడాదంతా గంధం కిందే ఉంటాడు బాబూ. నిజరూపం చూసేది అక్షయ తృతీయ ఒక్కరోజు. మిగిలిన రోజులు ఆయన లేనట్టా?" అన్నారు. నేను వేరే దేవుడి బిడ్డనే, నా నమ్మకం నాదే. కానీ ఆ మాట విన్నాక ఆ రాత్రి మోకరించినప్పుడు ఆమె కొడుకు కోసం ప్రార్థించాను. చాలా నెలల తర్వాత ఇంకొకరి కోసం చేసిన ప్రార్థన అది. ఇప్పటికీ చేస్తున్నాను. అతను ఇంకా రాలేదు.

నీ మాటకు వస్తాను. మోకరిస్తే మాట రావడం లేదన్నావు. 88వ కీర్తన ఒకసారి తీయి. దాదాపు ప్రతి విలాప కీర్తనా చివర్లో ఎక్కడో ఒకచోట స్తోత్రం వైపు తిరుగుతుంది. ఇది తిరగదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని, అక్కడే ఆగిపోతుంది. దాన్ని దిద్దకుండా, చివర ఒక మంచి మాట అతికించకుండా, అలాగే పరిశుద్ధ గ్రంథంలో ఉంచారు. నీకు మాట లేనప్పుడు అది నీ మాట అనుకో. అది కూడా వద్దనిపిస్తే ఊరికే కూర్చో. మంచం పక్కన కూర్చున్నవాళ్లం ఏం మాట్లాడతాం చెప్పు? పద్నాలుగు నెలలు చెల్లెమ్మ తల నిమురుతూ కూర్చున్నావే, నీళ్లు చెంచాతో పట్టావే, అప్పుడు నీ విశ్వాసం ఎక్కడుందని ఎవరైనా అడిగితే నేను నీ చేతుల వైపు చూపిస్తాను.

బీచ్ రోడ్డులో ఇప్పుడు రాత్రిళ్లు గాలి బాగుంటోంది. రేవులో చోటు కోసం ఆగిన ఓడల దీపాలు దూరంగా వరుసగా కనిపిస్తాయి, చిన్నప్పుడు మనం లెక్కపెట్టేవాళ్లం. ఫిషింగ్ హార్బర్లో బోట్లన్నీ కట్టేసి ఉన్నాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు వేట నిషేధం కదా, చేపలు గుడ్లు పెట్టే కాలం. మన సంఘంలో బోటున్న మామయ్యను మొన్న చూసి వచ్చాను. బోటుకు రంగు వేయిస్తున్నాడు, వల ఒళ్లో వేసుకుని తెగిన కన్నులు కడుతున్నాడు. నువ్వెలా ఉన్నావని అడిగాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

నిషేధం తీరే రాత్రి బోట్లు బయలుదేరడం నువ్వు చూసి ఎన్నేళ్లైంది? జూన్ 14కి ముందే రా. రత్నాచల్ ఎక్కితే మధ్యాహ్నానికి ఇక్కడుంటావు, నేను స్టేషనుకు వస్తాను. మా ఇంట్లో కుటుంబ ప్రార్థనకు కూర్చోమని ఎవరూ నిన్ను అడగరు, మా ఆవిడకు ముందే చెప్పాను. నీకు మేడ మీది గది, తలుపు వేసుకున్నా సరే, తీసుకున్నా సరే. నిద్ర పట్టకపోతే కిందికి రా. నేను లేచే ఉంటాను. కునుకు పడితే లేపు.

చెల్లెమ్మ ఫోటో ఒకటి తీసుకురా, మా పెళ్లిరోజున అమ్మ పక్కన కూర్చుని తీయించుకున్నది. మా దగ్గర ఉన్న కాపీ హుద్‌హుద్ తుపానులో తడిసి పాడైపోయింది.

ప్రేమతో,
నీ జాన్