మన పైలట్ల సంఘం ఏడాది రిపోర్ట్: ఈసారి ఎక్కువ మాటలు జంప్‌సీట్ గురించే

సభ్యులందరికీ నమస్కారం, ముఖ్యంగా గుంటూరు, తెనాలి, మంగళగిరి వైపు నుంచి కృష్ణా వారధి ట్రాఫిక్ దాటుకుని విజయవాడలో మీటింగులకి వచ్చినవాళ్లకి. సెక్రటరీగా ఏడాది రిపోర్ట్ రాయమన్నారు, రాస్తున్నా. ముందే చెప్పేస్తున్నా, ఇందులో అన్ని విషయాలకీ సమానంగా చోటు ఉండదు. ఎందుకంటే ఈ ఏడాది గ్రూపులో గొడవపడ్డా, మీటింగులో టీ చల్లారిపోయేదాకా మాట్లాడుకున్నా దాదాపు ఒకే విషయం మీద, డ్యూటీకి వెళ్లే పైలట్ ఇంకో పైలట్ నడిపే ఫ్లైట్ ఎక్కినప్పుడు ఎలా మసులుకోవాలి, ఎక్కించుకునే కెప్టెన్ ఎలా ఉండాలి అని. మిగతావన్నీ చివర్లో రెండు ముక్కల్లో చెప్పేస్తా.

కొత్తగా చేరినవాళ్ల కోసం, ఇంకా మన సంఘంలో ఉన్న అమ్మానాన్నల కోసం ముందు కొంచెం వివరం. పైలట్ కాపురం ఉండే ఊరు ఒకటి, డ్యూటీ మొదలయ్యే బేస్ ఇంకోటి. మన సభ్యుల్లో గన్నవరం ఎయిర్‌పోర్ట్ బేస్‌గా ఉన్నవాళ్లు ఎవరూ లేరు, హైదరాబాదో బెంగళూరో ఢిల్లీయో వెళ్లాలి, అమెరికాలో ఉన్న మనవాళ్లయితే డల్లాస్‌లో ఇల్లు పెట్టుకుని ఎక్కడో న్యూయార్క్‌లో డ్యూటీ ఎక్కుతారు. కంపెనీయే పంపిస్తే దాన్ని పొజిషనింగ్ అంటారు, అది డ్యూటీ లెక్కలోకి వస్తుంది. మనంతట మనం ఇంటి నుంచి బేస్‌కి వెళ్తే అది కమ్యూటింగ్, దాని బాధ్యత, అలసట, టెన్షన్ అంతా మనదే. అమెరికాలో ఈ కమ్యూటింగ్‌కి కాక్‌పిట్‌లో పైలట్ల వెనక ఉండే అదనపు సీటు వాడుకోనిస్తారు, అదే జంప్‌సీట్. కంపెనీలు ఒకదానితో ఒకటి ఒప్పందాలు చేసుకుంటాయి, మీ పైలట్‌ని మేము ఎక్కించుకుంటాం, మా వాణ్ణి మీరు ఎక్కించుకోండి అని.

మీటింగులో ఒక సభ్యుడి నాన్నగారు, ఆర్టీసీలో రిటైర్ అయ్యారు, భలే పట్టేశారు విషయాన్ని. వేరే డిపో డ్రైవర్ బస్సెక్కి "స్టాఫ్" అంటే కండక్టర్ టికెట్ అడగడు, ఆయనెళ్లి డ్రైవర్ పక్కన ఇంజిన్ బానెట్ మీద కూర్చుంటాడు, అదేగా అన్నారు. అదేనండీ, కాకపోతే ఇక్కడ "స్టాఫ్" అన్న ఒక్క మాటతో పని జరగదు. గేట్ దగ్గర ఏజెంట్ ఐడీ చూసి కాస్ అనే సిస్టమ్‌లో చెక్ చేస్తారు, ఈ మనిషి నిజంగా ఆ కంపెనీ పైలటేనా, ఇవాళ్టికి ఉద్యోగంలో ఉన్నాడా అని. 2001 సెప్టెంబర్ 11 తర్వాత వేరే కంపెనీ పైలట్లని కాక్‌పిట్‌లోకి రానివ్వడం ఆపేశారు, మళ్లీ ఈ సిస్టమ్ వచ్చాకే ఆ తలుపు తెరుచుకుంది. ఇదంతా అయినా ఆఖరి మాట కెప్టెన్‌దే. ఆయన కుదరదంటే కుదరదు, కారణం చెప్పక్కర్లేదు కూడా.

ఇక గొడవ సంగతి. ఇద్దరూ మనవాళ్లే, పేర్లు రాయను, ఊర్లతో పిలుద్దాం. అమెరికాలో ఒక ఎయిర్‌పోర్ట్‌లో రాత్రి ఆఖరి ఫ్లైట్, క్యాబిన్ ఫుల్, మిగిలింది ఒక్క జంప్‌సీట్. తెనాలి తమ్ముడు ముందు లిస్ట్ అయ్యాడు, అంటే ఆ సీటుకి పేరు ఇచ్చాడు, ట్రిప్ అంతా అయిపోయి ఇంటికి వెళ్తున్నాడు. పటమట అన్న తర్వాత వచ్చాడు, ఆయనకి పొద్దున్నే డ్యూటీ. అన్న వెళ్లి "తమ్ముడూ, నేను పనికెళ్లాలి, నువ్వు ఇంటికేగా, రేపు పొద్దున వెళ్లొచ్చుగా" అన్నాడు. తమ్ముడు ఏమంటాడు, ఒకే ప్రాంతం వాళ్లం, వయసులో పెద్దాయన, సరే అన్నా అన్నాడు. రాత్రంతా ఎయిర్‌పోర్ట్ కుర్చీలో పడుకుని పొద్దున్నే గ్రూపులో పెట్టాడు. అంతే, వారం రోజులు వేరే మెసేజ్ కనపడితే ఒట్టు. సగం మంది డ్యూటీకి వెళ్లేవాడికే ఇవ్వాలి అని, సగం మంది ముందొచ్చినవాడిదే సీటు అని, మధ్యలో ఎవరో సంబంధం లేకుండా బీసెంట్ రోడ్డులో పార్కింగ్ గురించి.

రూల్ ప్రకారం చూస్తే పెద్దగా వాదన లేదు. సొంత కంపెనీ పైలట్‌కి మొదటి ఛాన్స్, ఆ తర్వాత బయట కంపెనీల వాళ్లలో ఎవరు ముందు లిస్ట్ అయితే వాళ్లు. డ్యూటీకా ఇంటికా అని రూల్ అడగదు. కానీ చాలామంది పైలట్లు, పక్కనున్నవాడు పనికెళ్తున్నాడని తెలిస్తే తమంతట తామే తప్పుకుంటారు, ఇది కూడా నిజమే. కమిటీలో చాలాసేపు కూర్చుని తేల్చింది ఏంటంటే, ఆ సీటు ఇవ్వచ్చు కానీ అడగకూడదు. ఇంటికెళ్లేవాడు తనంతట తాను "మీరెళ్లండి అన్నా" అంటే అది పెద్దమనసు, పనికెళ్లేవాడు నోరు తెరిచి అడిగితే అవతలివాడికి కాదనే దారి లేకుండా చేసినట్టే, అందులోనూ మన దగ్గర పెద్దాచిన్నా, ఊరూపేరూ కలిశాక. పైగా చాలా అమెరికన్ కంపెనీల్లో కమ్యూటర్ పాలసీ అని ఒకటి ఉంటుంది, టైముకి చేరేలా ఒక ఫ్లైటూ, అది తప్పితే ఇంకో బ్యాకప్ ఫ్లైటూ చూసుకుని కూడా సీటు దొరక్క ఆగిపోతే పైలట్ మీద యాక్షన్ ఉండదు. కాబట్టి ఆఖరి ఫ్లైట్ మీద ఆశ పెట్టుకుని వచ్చి పక్కవాడి పెద్దమనసు మీద బండి నడపకూడదు. పటమట అన్న ఈ మాట మీటింగులో విని కాసేపు మొహం ముడుచుకున్నా, తర్వాత తమ్ముడికి ఫోన్ చేశారు, ఇప్పుడు బాగానే ఉన్నారిద్దరూ.

రెండో గొడవ చిన్నదిగా కనిపించింది కానీ నాకైతే ఇదే ముఖ్యం. జంప్‌సీట్ మీద వెళ్లేవాడికి క్యాబిన్‌లో సీటు ఖాళీ ఉంటే వెనక కూర్చోబెడతారు. సీటు నంబర్ చేతికొచ్చింది కదా అని మనవాడొకడు తిన్నగా వెళ్లి వెనక కూర్చున్నాడు, కాక్‌పిట్ వైపు చూడను కూడా చూడలేదు. కెప్టెన్ మనిషిని పంపించి మరీ పిలిపించాడు. మనవాడికి అవమానంగా అనిపించిందట. అయ్యా, వెనక సీటులో కూర్చున్నా నువ్వు ఎక్కింది ఆయన పర్మిషన్ మీదే. తలుపు దగ్గర క్యాబిన్ సిబ్బందికి నమస్కారం పెట్టి, నేను ఫలానా, కెప్టెన్ గారిని కలవచ్చా అని అడిగి, లోపల వాళ్లు చెక్‌లిస్ట్‌లో ఉంటే ఆగి, తలెత్తి చూశాక పేరు, కంపెనీ చెప్పి, మీతో రావచ్చా అని అడగాలి. నిమిషం పని. దిగేటప్పుడు ఒక థాంక్స్. మనింట్లో చెప్పాపెట్టకుండా ఎవరైనా వచ్చి సోఫాలో కూర్చుంటే ఊరుకుంటామా?

గేట్ ఏజెంట్ దగ్గర కూడా అంతే, డబ్బులు పెట్టి టికెట్ కొన్న ప్యాసింజర్లు లైన్లో ఉండగా మధ్యలో దూరి ఐడీ ఊపకూడదు. పక్కన నిలబడి వాళ్లు ఖాళీ అయ్యాక అడగాలి. అమెరికా సభ్యులు కొందరు క్యాబిన్ సిబ్బందికి చాక్లెట్లు తీసుకెళ్తారు, అక్కడ అది అలవాటు. మన గుడివాడ అమ్మాయి ఇక్కడి నుంచి వెళ్తూ సీల్ చేసిన బందరు లడ్డూ ప్యాకెట్లు పట్టుకెళ్లి ఇచ్చిందట, సూపర్ హిట్ అంట.

లోపల కూర్చున్నాక సంగతులు వేరు. 737లో ఆ సీటు మడత విప్పితే కాక్‌పిట్ తలుపుకి అడ్డంగా వస్తుంది, పొడుగు మనుషులకి మోకాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలీదు. ఏ320లో కొంచెం నయం. ఏదైనా సరే, బెల్టులు, ఆక్సిజన్ మాస్క్ ఎక్కడున్నాయో తెలీకపోతే అడిగి తెలుసుకోవాలి, తెలిసినట్టు నటించకూడదు. పదివేల అడుగుల కింద కబుర్లు బంద్, ఇది మర్యాద కాదు రూల్. కాఫీ కప్పు మధ్యలో ఉన్న ప్యానెల్ మీదుగా అందించకండి, 2019 ఫిబ్రవరిలో ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి కాంకున్ వెళ్తున్న ఏ330లో కెప్టెన్ కాఫీ ఒలికి రేడియో ప్యానెల్ కాలి పొగ వచ్చి, ఐర్లాండ్‌లో షానన్‌కి తిప్పాల్సి వచ్చింది. ఇంకోటి, "మా కంపెనీలో ఇలా చెయ్యరే" అనే డైలాగ్ దయచేసి వద్దు.

అలా అని నోరు కుట్టుకు కూర్చోమని కాదు. ఏదైనా తేడా కనిపిస్తే చెప్పాలి, దాన్ని మించిన మర్యాద లేదు. 2018 అక్టోబర్ 28న లయన్ ఎయిర్ 737 మ్యాక్స్ బాలి నుంచి జకార్తా వెళ్తుంటే ముక్కు తనంతట తానే కిందికి దిగడం మొదలైంది, జంప్‌సీట్‌లో ఉన్న మూడో పైలట్ ముక్కుని పైకీ కిందికీ సర్దే ట్రిమ్‌లో సమస్య పట్టుకుని చెప్పాడని తర్వాత వార్తలొచ్చాయి. ఆ ఫ్లైట్ క్షేమంగా దిగింది. మర్నాడు అదే విమానం, ఆ మూడో మనిషి లేడు, సముద్రంలో పడి 189 మంది పోయారు. అంతకుముందు 1989 జులై 19న యునైటెడ్ 232లో డెన్నీ ఫిచ్ అనే డీసీ-10 ట్రైనింగ్ కెప్టెన్ ప్యాసింజర్‌గా వెనక కూర్చున్నాడు. తోక ఇంజిన్ పేలి విమానాన్ని తిప్పడానికి వాడే హైడ్రాలిక్స్ మొత్తం పోయాయి. ఆయన లోపలికి దూసుకెళ్లలేదు, నేను సాయం చెయ్యగలనేమో కెప్టెన్‌కి చెప్పండి అని సిబ్బందితో కబురు పంపాడు. రమ్మన్నాక వెళ్లి, చివరిదాకా థ్రాటిళ్లు, అంటే ఇంజిన్ పవర్ లీవర్లు పట్టుకున్నాడు, 296 మందిలో 184 మంది బతికారు. అంత ఎమర్జెన్సీలో కూడా ముందు అడిగాడు చూడండి.

కెప్టెన్ మిమ్మల్ని ఎగాదిగా చూశాడని కొందరు బాధపడ్డారు. బాధపడకండి. 1994లో ఫెడెక్స్ 705లో జంప్‌సీట్ మీద ఎక్కిన సొంత కంపెనీ ఉద్యోగే సుత్తులతో క్రూ మీద పడ్డాడు, రక్తమోడుతూనే వాళ్లు విమానాన్ని మెంఫిస్‌లో దింపారు. 2023 అక్టోబర్‌లో హొరైజన్ ఫ్లైట్‌లో జంప్‌సీట్‌లో కూర్చున్న పైలట్ ఇంజిన్లు ఆపేసే ఫైర్ హ్యాండిళ్లు లాగబోయాడు. ఇవి తెలిసిన కెప్టెన్ రెండు ప్రశ్నలు ఎక్కువ అడిగితే ఆయన పని ఆయన చేస్తున్నాడు.

ఇక ఎక్కించుకునే వైపు. మనవాళ్లు కెప్టెన్ సీట్లో ఉంటే, ఎక్కినవాడు తెలుగువాడని తెలిస్తే చాలు, పదివేల అడుగులు దాటగానే మీది ఏ ఊరు, ఇంటిపేరేంటి, ఫలానా వాళ్లు మీకేమవుతారు అని మొదలుపెడతారు. ప్రేమే, కాదనను. కానీ ఆ మనిషి తెల్లవారుజామున లేచి రెండో ఫ్లైట్ మారుతున్నాడేమో, అక్కడ దిగి డ్యూటీ ఎక్కాలేమో. 2009 ఫిబ్రవరిలో బఫెలో దగ్గర కూలిన కోల్గన్ 3407 గుర్తుందా, 50 మంది పోయారు, ఆ కో-పైలట్ ముందు రాత్రంతా సియాటిల్ నుంచి మెంఫిస్ మీదుగా కార్గో ఫ్లైట్లలో ప్రయాణం చేసి న్యూయార్క్ పక్కనున్న నెవార్క్ చేరింది. ఆ తర్వాతే అమెరికాలో రెస్ట్ రూల్స్ మారి, 2014 జనవరి నుంచి ప్యాసింజర్ ఫ్లైట్ల పైలట్లకి డ్యూటీ ముందు 10 గంటల విశ్రాంతి తప్పనిసరి అయ్యింది. ఆ 10 గంటల్లోనే కమ్యూటింగ్ చేస్తే కాగితం మీద రెస్టే, కళ్లకి మాత్రం కాదు. కాబట్టి ఎక్కినవాడు కళ్లు మూసుకుంటే పడుకోనివ్వండి, ఇంటిపేరు దిగేటప్పుడు అడగొచ్చు. అలాగే బరువు ఎక్కువైందని గేట్ నుంచి ఫోన్ వస్తే వెంటనే జంప్‌సీటర్‌ని దింపెయ్యకుండా, ఫ్లైట్ ప్లాన్, బరువు లెక్కలు చూసే డిస్పాచ్‌తో ఒకసారి మాట్లాడి ఏమైనా కుదురుతుందేమో చూడండి. మంచి కెప్టెన్లకి ఆ పేరు ఊరికే రాదు.

ఇండియాలో మన కథ వేరు, ఇక్కడ కాక్‌పిట్ సీటు కమ్యూటింగ్‌కి అంత తేలిగ్గా దొరకదు, లోపలికి ఎవరు రావచ్చో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ గట్టిగా చూస్తుంది. 2023 ఫిబ్రవరిలో దుబాయ్–ఢిల్లీ ఫ్లైట్‌లో ఒక పైలట్ ఫ్రెండ్‌ని కాక్‌పిట్‌లో కూర్చోబెట్టినందుకు లైసెన్స్ 3 నెలలు సస్పెండ్, ఎయిర్‌లైన్‌కి 30 లక్షల ఫైన్. కాబట్టి బంధువులూ, "మా వాడు పైలటే, కాక్‌పిట్‌లో కూర్చోబెడతాడు" అని పెళ్లిళ్లలో మాటివ్వడం మానెయ్యండి, ప్లీజ్. మనం వెళ్లేది స్టాండ్‌బై స్టాఫ్ టికెట్ మీద, సీటు మిగిలితేనే. గన్నవరం పొద్దుటి ఫ్లైట్ కోసం గుంటూరు వాళ్లు కాజా టోల్ దాటేసరికి ఇంకా చీకటి ఉంటుంది, అంత దూరం వచ్చాక ఫుల్ అంటే ఒళ్లు మండుతుంది, నిజమే. అయినా కౌంటర్ అమ్మాయి మీద అరిస్తే సీటు పుట్టదు. ఈ విషయంలో ఒకరి మీద కమిటీకి ఫిర్యాదు వచ్చింది, మాట్లాడాం, ముగిసింది.

సంక్రాంతికి స్టాండ్‌బై అంటే మర్చిపోవడమే, అందుకని ఈసారి శంషాబాద్ నుంచి విజయవాడకి కార్ షేరింగ్ పెట్టాం. రోస్టర్లు గ్రూపులో పెడితే టైమ్ కలిసినవాళ్లు కలిసి వచ్చారు. సూర్యాపేట దగ్గర టీ బిల్లు ఎవరు కట్టాలన్న దాని మీద తప్ప గొడవల్లేవు. వచ్చే పండక్కీ ఉంటుంది.

మిగతావి త్వరగా. ఇంటర్ పిల్లలకి, పేరెంట్స్‌కి గైడెన్స్ మీటింగ్ లబ్బీపేటలో పెట్టాం, ఫిజిక్స్, మ్యాథ్స్ ఉండాలని, సీపీఎల్‌కి, అంటే కమర్షియల్ పైలట్ లైసెన్స్‌కి 200 గంటల ఫ్లయింగ్ కావాలని, ఫీజు కట్టకముందే మెడికల్ చేయించుకోమని చెప్పాం, ఈ చివరిది మూడుసార్లు చెప్పాం ఎందుకంటే ఎవరూ వినరు. పైలట్ల భార్యలు, భర్తలు కలిసి ఒక మీటింగ్ పెట్టుకున్నారు, మమ్మల్ని రానివ్వలేదు, ఏం మాట్లాడుకున్నారో మినిట్స్ కూడా ఇవ్వలేదు. జమాఖర్చులు ట్రెజరర్ గారు విడిగా పంపారు, డౌట్లుంటే ఆయన్నే అడగండి, నన్ను కాదు.

జంప్‌సీట్ మర్యాదల మీద ఒక పేజీ కాగితం తయారైంది, తెనాలి తమ్ముడూ పటమట అన్నా కలిసి రాశారు. గ్రూపులో పెట్టాం, మార్పులుంటే ఉగాది లోపు చెప్పండి. చందా బాకీ ఉన్నవాళ్లు కూడా ఆ లోపే కట్టెయ్యండి, లిస్ట్ నా దగ్గరుంది. వచ్చే జనరల్ బాడీ మీటింగ్ ఈసారి గుంటూరులో, అరండల్‌పేట వైపు హాల్ చూస్తున్నాం, విజయవాడ వాళ్లు కూడా ఒకసారి వారధి దాటండి.

ఇట్లు,
మీ సెక్రటరీ