ఆషాఢంలో షాపు ఎందుకు మూశానంటే

అక్కలకు, చెల్లెళ్లకు, కొలత జాకెట్టు మా దగ్గరే వదిలేసి మర్చిపోయిన వదినలకు నమస్కారం. మస్కట్ రూవీలో మన టైలరింగ్ షాపు ఈ ఆదివారం నుంచి మళ్లీ తెరిచి ఉంటుంది. షట్టర్ మీద సెలవు కాగితం చూసి చాలామంది ఫోన్ చేశారు. ఇండియా వెళ్లావా, ఒంట్లో బాగోలేదా, షాపు ఎత్తేస్తున్నావా అని అడిగారు. అవేవీ కాదు. స్నేహితులతో కలిసి ఒమాన్ దక్షిణాన ఉన్న సలాలా వెళ్లాను. పని మీద కాదు, దర్శనానికి కాదు, ఎవరి పెళ్లికీ కాదు. ఊరికే తిరగడానికి, పడుకోవడానికి వెళ్లాను.

ఇంత వివరంగా ఎందుకంటే, గల్ఫ్‌లో ఉండే మనకి సెలవు అంటే ఊరికి వెళ్లడం ఒక్కటే. ఊరికి వెళితే అది సెలవు కాదని మనందరికీ తెలుసు. నిడో పాలపొడి డబ్బాలు, అత్తరు సీసాలు ఎవరికెన్నో లెక్క వేసుకోవాలి. మేనత్త ఇంటికి వెళ్లి పెదనాన్న ఇంటికి వెళ్లకపోతే అలకలు. ఇంటి పన్ను, పిల్లల ఆధార్, బ్యాంకులో సంతకాలు, పళ్ల డాక్టరు, మధ్యలో ఎవరో ఒకరి వ్రతం. తిరిగొచ్చాక అలసట తీరడానికి ఇంకో సెలవు కావాలి. ఇన్నేళ్లుగా నేనూ అంతే. ఈసారి టికెట్ డబ్బులు పక్కన పెట్టి, మా ఆయనకి పిల్లల్ని అప్పజెప్పి, ఈ దేశంలోనే ఇంకో మూలకి వెళ్లాను.

ఆషాఢమే ఎందుకంటే అది మా ఖాళీ నెల. ముహూర్తాలు ఉండవు. స్కూళ్లకు సెలవులిస్తారు కాబట్టి సగం మంది కస్టమర్లు ఇండియాలోనే ఉంటారు. మీకు ఆషాఢం అంటే అక్కడ చీరల మీద డిస్కౌంట్లు. మాకు ఆ చీరలన్నీ శ్రావణంలో ఒకేసారి వచ్చి కౌంటర్ మీద పడే ముందు దొరికే తెరిపి. మా కటింగ్ మాస్టర్ కూడా అప్పుడే ఊరికి వెళ్లారు. అద్దెకి మాత్రం ఆషాఢమైనా శ్రావణమైనా ఒకటే. షాపు మూసినన్ని రోజులూ అద్దె నా జేబులోంచే పోయింది. ఆ లెక్క తెలిసే వెళ్లాను. కటింగ్ టేబుల్ మీద వంగి వంగి మెడ, భుజం పట్టేస్తున్నాయని ఫిజియోథెరపీ అమ్మాయి ఎప్పటి నుంచో అంటూనే ఉంది.

ఇక ట్రిప్ సంగతి. ఎక్కడికెళ్లారు, ఎలా వెళ్లారు అని మీరు అడిగినవన్నీ ఇక్కడే చెప్పేస్తాను.

నాతో ఒక నర్సు, ఒక అకౌంటెంట్, ఒక కేజీ టీచర్. టీచరుకి సెలవులే. అకౌంటెంట్ నెలాఖరు కాకుండా చూసుకుంది. నర్సుకి డ్యూటీలు మార్చుకోవడమే పెద్ద యజ్ఞం, అయినా కారు నడిపింది ఎక్కువగా ఆవిడే. మస్కట్ నుంచి సలాలా సుమారు 1000 కిలోమీటర్లు. విమానంలో గంటన్నర, బస్సులో దాదాపు 12 గంటలు. మేం కారులో నిజ్వా, ఆదం, హైమా, థుమ్రైత్ మీదుగా వెళ్లాం. ఆదం దాటాక చూడటానికేమీ ఉండదు, ఇసుక, ఆకాశం అంతే. పెట్రోల్ బంకు కనపడినప్పుడల్లా నింపుకోవడమే, తర్వాతది దగ్గర్లో ఉంటుందనుకోవద్దు. చీకట్లో నడపొద్దు, ఒంటెలు రోడ్డు మీదికి వచ్చేస్తాయి. అందుకే తెల్లవారుజామున బయలుదేరాం.

థుమ్రైత్ దగ్గర కూడా ఎండ మాడ్చేస్తూనే ఉంది. అక్కడి నుంచి కొండ దిగడం మొదలుపెట్టగానే ఏసీ ఆపేశాం, కాసేపటికి అద్దాలు దించేశాం. ముందు కారు వెనక లైట్లు తప్ప ఏమీ కనపడనంత మంచు. కింద 25 డిగ్రీల దగ్గర. మస్కట్‌లో మనం ఉక్కపోతకి స్నానం చేసి బయటకొస్తే మళ్లీ స్నానం చేయాల్సిన రోజుల్లో, ఇదే ఒమాన్‌లో నేను స్వెటర్ వేసుకున్నాను.

ఇదే ఖరీఫ్, మన పంటల ఖరీఫ్ కాదు, సలాలా వైపు వానాకాలానికి ఇక్కడి పేరు. లెక్క ప్రకారం జూన్ 21 నుంచి సెప్టెంబర్ 21 దాకా. మనకి వానలు తెచ్చే నైరుతి గాలులే ఈ తీరాన్నీ రాసుకుంటూ పోతాయి. ఆ గాలికి సముద్రం అడుగునుంచి చల్లటి నీళ్లు పైకొస్తాయి, వాటి మీదుగా వచ్చే తేమ గాలి చల్లబడి మంచులా మారి సలాలా వెనక ఉన్న దోఫార్ కొండలు అడ్డుపడటంతో అక్కడే ఆగిపోతుంది. అందుకే కుండపోత ఉండదు, రోజంతా తుంపరే. జూన్‌లోనే పరుగెత్తకండి. మంచు వస్తుంది కానీ కొండలు పచ్చబడటానికి జూలై మధ్య దాకా పడుతుంది. మేమూ అప్పుడే వెళ్లాం. ఆగస్టులో ఇంకా బాగుంటుందట, కానీ హోటల్ రేట్లు, ట్రాఫిక్ కూడా అలాగే ఉంటాయి. నాకు ఆగస్టు ఎలాగూ కుదరదు, మీ బ్లౌజులున్నాయి.

అచ్చం కోనసీమే అని వెళ్లొచ్చిన వాళ్లందరూ అంటారు. నాది రాజోలు పక్క పల్లె కాబట్టి ఈ మాట నేను ఒప్పుకోను. కొబ్బరి తోటలు, అరటి తోటలు సముద్రం పక్కన ఒక పట్టీలా ఉంటాయి, అంతే. రోడ్డు పక్క వరసగా బొండాలు, అరటి గెలలు, బొప్పాయిలు వేలాడేసిన కొట్లు చూస్తే మాత్రం కాళ్లు ఆగిపోతాయి. కానీ తలెత్తితే కొండలు. కోనసీమలో కొండ ఎక్కడిది? నాకైతే అరకు గుర్తొచ్చింది. కొండల మీద ఆవుల మందలు, పక్కనే ఒంటెలు, రెండూ కలిసి అదే గడ్డి మేస్తున్నాయి. ఆ దృశ్యం మాత్రం అరకులోనూ దొరకదు.

వాదీ దర్బాత్ అనే లోయలో చాప వేసుకుని కూర్చుంటే సాయంత్రం దాకా లేవలేదు. ఇత్తీన్ వైపు మిష్కాక్ కాల్చే పొగ కొండంతా పట్టి ఉంటుంది, పుల్లకి గుచ్చిన మాంసం నిప్పుల మీదే కాల్చి ఇస్తారు. వంట జోలికి పోకూడదని ముందే అనుకున్నాం. డిక్కీలో రైస్ కుక్కర్, చింతకాయ పచ్చడి ఉన్న సంగతి టీచరుగారు దాచిపెట్టారు. ఆ చలికి వేడన్నం, పచ్చడి, నెయ్యి... ఇంక మిష్కాక్ వైపు ఎవరూ వెళ్లలేదు.

ముగ్సైల్ సముద్ర తీరానికి వెళ్లేవాళ్లకి ఒక్క మాట. అక్కడ రాతి రంధ్రాల్లోంచి సముద్రపు నీళ్లు పైకి చిమ్ముతాయి, చాలా బాగుంటుంది. కానీ ఈ సీజన్లో సముద్రం మహా కోపంగా ఉంటుంది. 2022 జూలైలో అక్కడే కంచె దాటిన ఒక భారతీయ కుటుంబాన్ని అల లాక్కుపోయింది. ఫోటో కోసం కంచె దాటొద్దు, పిల్లల చెయ్యి వదలొద్దు. ఈ నెలల్లో అక్కడ స్నానాలు, ఈతలు అసలు వద్దు.

హఫా సూక్ అనే బజారులో లుబాన్ కొన్నాను, మనం సాంబ్రాణి వేసినట్టే వాళ్లు ఇంట్లో ధూపం వేసేది. చెట్టు బెరడు గీస్తే కారి గడ్డకట్టిన జిగురు అది. విచిత్రం ఏమిటంటే ఆ చెట్లు ఈ పచ్చటి కొండల మీద కాకుండా, కొండల వెనక ఎండు నేలలో పెరుగుతాయి. అలాంటి చెట్లున్న వాదీ దౌకా 2000 నుంచి యునెస్కో వారసత్వ జాబితాలో ఉంది. కొంచెం పచ్చ ఛాయలో ఉన్న తెల్లటి హోజరీ రకం మంచిదంటారు. నేను తెచ్చింది కౌంటర్ మీద డబ్బాలో పెట్టాను. షాపుకి వచ్చినవాళ్లు చిటికెడు తీసుకెళ్లండి.

ట్రిప్‌లో ఉన్నప్పుడు నా ఫోన్ ఎక్కువగా ఆఫ్‌లోనే ఉంది. ఒకావిడ పుట్టినరోజు బ్లౌజు కోసం వాయిస్ మెసేజ్‌లు వరసగా పెట్టారు. ఆవిడ తొందర నాకు అర్థమైంది, పక్క షాపు నంబరు పంపాను. వాళ్లు బాగా కుట్టారట, ఆవిడే చెప్పారు. కొంచెం అసూయగానే ఉంది.

ఇకపై కొన్ని మార్పులు ఉంటాయి. శుక్రవారం షాపు పూర్తిగా బంద్. రాత్రి తొమ్మిది తర్వాత పెట్టిన మెసేజ్‌లకు మర్నాడే జవాబు. వరలక్ష్మీ వ్రతం శుక్రవారమే, ఇక్కడ సెలవు రోజు కాబట్టి పేరంటాలన్నీ ఆ ఒక్క రోజే ఉంటాయి, బ్లౌజులన్నీ ఆ గురువారానికే కావాలి. అందుకే వ్రతానికి పది రోజుల ముందే ఆర్డర్లు ఆపేస్తాను. మగ్గం వర్క్ ఊరికి పంపించి చేయించాలి కాబట్టి ఈ వారంలోనే ఇవ్వాలి, ఆ తర్వాత వచ్చేవి దసరాకే. అర్జెంటుకి డబుల్ ఇస్తామన్నా తీసుకోను, ఎందుకంటే ఆ డబుల్ కోసం ముందు ఇచ్చినవాళ్లది వెనక్కి నెట్టాల్సి వస్తుంది. కుట్టు కూలి పాతదే, లైనింగ్ మాత్రం బట్ట రేటుని బట్టి ఉంటుంది.

కొత్త చీరతో వచ్చేటప్పుడు సరిగ్గా పట్టే కొలత జాకెట్టు తెచ్చుకోండి, ఇండియా వెళ్లొచ్చాక ఎవరి కొలతా పాతది కాదు. ఫాల్, పీకో, హుక్కులు మాత్రం శనివారం నుంచి గురువారం దాకా ఎప్పుడు తెచ్చినా తీసుకుంటాం.